చుక్కలు, గీత, మనం

ప్రతి ఏటా మన వార్షికోత్సవ సంచికలో కవితలుంటాయి, హాస్టల్ జ్ఞాపకాలుంటాయి, బాబాసాహెబ్ జీవితంపై వ్యాసాలుంటాయి. లెక్కల మీద వ్యాసం రావడం అరుదు. "లెక్కలవాళ్ళు కూడా ఏదో ఒకటి రాయండన్నా" అని సంపాదక వర్గంలోని తమ్ముళ్ళు అడిగారు. ఈ హాస్టల్లోనే పదో తరగతి దాకా చదివి, ఇప్పుడు ఎం.ఎస్సీ. స్టాటిస్టిక్స్ చదువుతున్న మేము చాలాసేపు ఆలోచించాం. సూత్రాలు రాస్తే ఎవరూ చదవరు. కథ రాయడం మాకు రాదు. చివరికి చుక్కల గురించి రాద్దామనుకున్నాం.

సంక్రాంతి నెలలో మన అమ్మలు, అక్కలు వాకిట్లో ముగ్గు వేసేటప్పుడు ముందు చుక్కలు పెడతారు. ఎన్ని చుక్కలు, ఎన్ని వరుసలు, గీత ఎటు తిరగాలి అన్నది వాళ్ళకు ముందే తెలుసు. స్టాటిస్టిక్స్‌లో చుక్కలు అలా కాదు. అవి మనం పెట్టిన చోట ఉండవు. మనుషుల బతుకులు పెట్టిన చోట ఉంటాయి. వాటిని చూసి గీత ఎటు పోతోందో మనం వెతుక్కోవాలి. ఈ చుక్కల పటాన్నే స్కాటర్ ప్లాట్ అంటారు. రెండు విషయాలు ఎంత జతగా నడుస్తున్నాయో చెప్పే అంకెను సహసంబంధ గుణకం అంటారు. ఇంగ్లీషు మీడియం వాళ్ళకు కోరిలేషన్ అంటే వెంటనే తెలుస్తుంది.

ఇది పరీక్షలో పది మార్కుల ప్రశ్న మాత్రమే అయితే ఇక్కడ రాసేవాళ్ళం కాదు. పేపర్లలో, టీవీల్లో, సెమినార్లలో మన గురించి చెప్పే మాటలు చాలా వరకు ఈ చుక్కల మీదే నిలబడి ఉంటాయి. "చదువు లేని ఇంటి పిల్లలు పైకి రాలేరు", "హాస్టల్ పిల్లలకు మార్కులు తక్కువ" అనే మాటలు ఎంతవరకు నిజం, ఎక్కడ ఆగాలి అని తేల్చుకోవాలంటే మనకు చుక్కలు చదవడం రావాలి.

ఐదుగురి లెక్క

ముందు ఒక చిన్న ఊహాలెక్క చూద్దాం. ఐదుగురు పిల్లలు పది మార్కుల స్లిప్ టెస్టుకు చదివారు. మొదటివాడు 1 గంట చదివితే 2 మార్కులు వచ్చాయి. రెండోవాడు 2 గంటలు, 4 మార్కులు. మూడోవాడు 3 గంటలు, 5 మార్కులు. నాలుగోవాడు 4 గంటలు, 4 మార్కులు. ఐదోవాడు 5 గంటలు, 5 మార్కులు.

గ్రాఫ్ కాగితం మీద అడ్డంగా గంటలు, నిలువుగా మార్కులు రాసుకుని ఒక్కొక్కరికి ఒక్కో చుక్క పెట్టండి. చుక్కలు ఎడమవైపు కింద మొదలై కుడివైపు పైకి పోతున్నట్టు కనబడతాయి. ఇప్పుడు సగటు గంటలు 3 దగ్గర ఒక నిలువు గీత, సగటు మార్కులు 4 దగ్గర ఒక అడ్డగీత గీస్తే కాగితం నాలుగు గదులవుతుంది. కుడివైపు పై గదిలో ఉన్నవాళ్ళు రెండింటిలోనూ సగటు కంటే ఎక్కువ. ఎడమవైపు కింది గదిలో ఉన్నవాళ్ళు రెండింటిలోనూ తక్కువ. ఈ రెండు గదుల్లో చుక్కలు ఎక్కువైతే సహసంబంధం ప్లస్ అవుతుంది. మిగతా రెండు గదుల్లో ఎక్కువైతే మైనస్ అవుతుంది. నాలుగు గదుల్లోనూ సమానంగా చెదిరి ఉంటే సున్నా దరిదాపుల్లో ఉంటుంది. సూత్రంలో ఉన్న సంగతంతా ఇంతే.

అంకెల్లో చేసి చూద్దాం. సగటు నుంచి గంటల తేడాలు −2, −1, 0, 1, 2. మార్కుల తేడాలు −2, 0, 1, 0, 1. ఎవరి జతను వాళ్ళకు గుణిస్తే 4, 0, 0, 0, 2. మొత్తం 6. గంటల తేడాల వర్గాలు కూడితే 10, మార్కుల తేడాల వర్గాలు కూడితే 6. ఈ రెండింటినీ గుణిస్తే 60. దాని వర్గమూలం సుమారు 7.75. పైన వచ్చిన 6ను దీనితో భాగిస్తే 0.77. ఈ గుణకం ఎప్పుడూ −1కీ +1కీ మధ్యే ఉంటుంది కాబట్టి 0.77 అంటే గట్టి సంబంధమే.

ఇప్పుడు ఆరో విద్యార్థి వచ్చాడు. 6 గంటలు చదివాడు. పరీక్ష పొద్దున జ్వరం వచ్చింది, ఏమీ రాయలేకపోయాడు. మార్కులు 0. ఈ ఒక్క చుక్కను కలిపి మళ్ళీ లెక్క వేస్తే గుణకం −0.22 అవుతుంది. అంకెను మాత్రమే చూసినవాడు "ఎక్కువ చదివితే మార్కులు తగ్గుతాయి" అంటాడు. పటాన్ని చూసినవాడు "కింద మూలన ఒంటరిగా ఉన్న ఆ చుక్క ఎవరు, అతనికి ఏమైంది?" అని అడుగుతాడు. మేము స్టాటిస్టిక్స్‌లో నేర్చుకున్న మొదటి మర్యాద ఇదే. అంకె చెప్పే ముందు పటం గీయాలి. పటం గీశాక దూరంగా ఉన్న చుక్కను కొట్టేసే ముందు దాని సంగతి అడగాలి.

1973లో ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ అనే శాస్త్రవేత్త ఈ మాటనే నాలుగు పటాలతో చూపించాడు. నాలుగింటిలోనూ పదకొండేసి చుక్కలు. నాలుగింటి సగటులూ ఒకటే, గుణకమూ ఒకటే, సుమారు 0.82. గీసి చూస్తే మాత్రం ఒకదానికి ఒకటి పోలిక లేదు. మొదటిదానిలో చుక్కలు మామూలుగా వాలుగీత చుట్టూ ఉంటాయి. రెండోది విల్లులా వంగి ఉంటుంది. మూడోదానిలో పది చుక్కలు బద్ద పెట్టి గీసినట్టు నిలబడితే ఒక్కటి మాత్రం పైకి ఎగిరిపోయి ఉంటుంది. నాలుగోదానిలో పది చుక్కలు స్తంభంలా ఒకదాని మీద ఒకటి ఉంటే, దూరాన ఉన్న ఒకే ఒక్క చుక్క గీతనంతా తనవైపు లాగేస్తుంది. అంకె నాలుగింటికీ ఒకటే. కథలు నాలుగు.

స్టడీ అవర్ బెల్

గుణకం సున్నా దగ్గర వచ్చినా తొందరపడకూడదు. మన హాస్టల్లో సాయంత్రం బెల్ కొట్టగానే అందరం చాపలు పరుచుకుని కూర్చుంటాం. భోజనం బెల్ కొడితే అందరం పళ్ళెం, గ్లాసు పట్టుకుని లేస్తాం. ఒకరు ఎక్కువా కాదు, ఒకరు తక్కువా కాదు. ఇలాంటి చోట చదివిన గంటలకూ మార్కులకూ పటం గీస్తే చుక్కలన్నీ ఒకే నిలువు వరుసలో పడతాయి. సంబంధం కనబడదు. అంతమాత్రాన చదువుకూ మార్కులకూ సంబంధం లేదని కాదు. అందరికీ సమానంగా ఉన్న విషయం పటంలో తన బలం చూపించలేదు. బెల్ మనకు ఎంత మేలు చేసిందో హాస్టల్ లోపలి లెక్కల్లో ఎప్పటికీ తేలదు. బెల్ లేని చోటుతో పోల్చి చూసినప్పుడే తేలుతుంది.

జత నడక వేరు, కారణం వేరు

స్టాటిస్టిక్స్ తెలిసిన ప్రతివాళ్ళూ చెప్పే మాట ఒకటుంది. రెండు విషయాలు కలిసి నడిచినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదు. గొడుగులు ఎక్కువ కనబడిన రోజున వాన కూడా ఎక్కువే పడుతుంది. గొడుగులే వాన తెచ్చాయని ఎవరూ అనరు.

ఐరోపాలో కొంగలు పసిపిల్లల్ని తెచ్చి ఇంట్లో దింపుతాయని పిల్లలకు చెప్పే పాత కథ ఉంది. 2000లో రాబర్ట్ మాథ్యూస్ అనే ఆయన 17 ఐరోపా దేశాల్లో కొంగల జంటల సంఖ్యనూ, ఏటా పుట్టే పిల్లల సంఖ్యనూ తీసుకుని లెక్క కట్టాడు. సహసంబంధం 0.62 వచ్చింది. కొంగల కథ నిజమని దీని అర్థం కాదు. పెద్ద దేశంలో కొంగలూ ఎక్కువ ఉంటాయి, మనుషులూ ఎక్కువ ఉంటారు. దేశం విస్తీర్ణం అనే మూడో విషయం వెనక నిలబడి రెండింటినీ కదిలిస్తోంది. అందుకే ఏ పటం చూసినా దాని మీద లేని మూడో మనిషి ఎవరని వెతకాలి.

అయితే ఈ మాటను అడ్డం పెట్టుకుని నిజాన్ని దాటేసేవాళ్ళు కూడా ఉంటారు. 1950లో ఇంగ్లండులో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే ఇద్దరు పొగతాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ సంబంధం ఉందని లెక్కలతో చూపించారు. ఆధునిక స్టాటిస్టిక్స్‌కు పునాది వేసిన ఆర్.ఎ. ఫిషర్ అంతటివాడు దాన్ని ఒప్పుకోలేదు. పొగతాగాలనే కోరికకూ క్యాన్సర్‌కూ రెండింటికీ పుట్టుకతో వచ్చిన లక్షణమేదో కారణం కావచ్చన్నాడు. ఆయన స్వయంగా పొగతాగేవాడు, పొగాకు కంపెనీలకు సలహాదారుగా కూడా ఉన్నాడు. డాల్, హిల్ అక్కడితో ఆగలేదు. సుమారు 40 వేల మంది బ్రిటిష్ డాక్టర్లను ఏళ్ళ తరబడి గమనించారు. ఎక్కువ తాగేవాళ్ళలో చావులు ఎక్కువ, మానేసినవాళ్ళలో ప్రమాదం తగ్గుతూ వచ్చింది. ఇలా ఒకదాని మీద ఒకటి రుజువులు పేరుకున్నాక 1964లో అమెరికా ప్రభుత్వ వైద్య నివేదిక పొగతాగడమే కారణమని తేల్చి చెప్పింది. "కలిసి నడిస్తే కారణం కాదు" అనేది సగం మాట. "అయితే కారణమేమిటో వెతుకుదాం" అనేది మిగతా సగం. మొదటి సగం చెప్పి ఇంటికి పోయేవాళ్ళను నమ్మకూడదు.

ఆ చుక్క ఎవరు?

ఆ మధ్య ఒక సెమినార్‌కు మేము వెళ్ళాం. ఒక వక్త తెర మీద చుక్కల పటం వేశారు. అడ్డంగా హాస్టల్ విద్యార్థుల శాతం, నిలువుగా పదో తరగతి ఉత్తీర్ణత శాతం. చుక్కలు పైనుంచి కిందికి జారుతున్నాయి. "హాస్టల్ పిల్లలు పెరిగేకొద్దీ ఫలితాలు పడిపోతున్నాయి, అంటే హాస్టల్ చదువు నాసిరకం" అన్నారు. హాలులో కొందరు తలలూపారు. మాలో ఒకరు లేచి, "సార్, ఆ చుక్క విద్యార్థా, మండలమా?" అని అడిగారు. మండలమని చెప్పారు. రెండో ప్రశ్న వేయబోతే సమయం లేదని తర్వాతి బొమ్మకు వెళ్ళిపోయారు.

ఆ రోజు అడగలేకపోయింది ఇక్కడ రాస్తున్నాం. చుక్క మండలమైతే ఆ పటం మండలాల గురించే చెబుతుంది. ఆ మండలంలో తప్పినవాళ్ళు హాస్టల్ పిల్లలో, ఇంటి నుంచి వచ్చే పిల్లలో అది చెప్పలేదు. ఎక్కడ పేదరికం ఎక్కువో, ఎక్కడ బడి దూరమో అక్కడే హాస్టల్ పెడతారు. అక్కడ ఫలితాలు తక్కువగా ఉంటే హాస్టల్ వల్ల తగ్గాయా, హాస్టల్ ఉండబట్టి ఆ మాత్రమైనా వచ్చాయా? ఆ పటం రెండింటిలో దేనికీ సాక్ష్యం చెప్పదు.

ఇది మేము మా పక్షాన కల్పించుకున్న వాదన కాదు. 1950లో అమెరికాలో డబ్ల్యు.ఎస్. రాబిన్సన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1930 జనాభా లెక్కలతో దీన్ని రుజువు చేశాడు. రాష్ట్రాలను చుక్కలుగా పెట్టి చూస్తే విదేశాల్లో పుట్టి వచ్చినవాళ్ళు ఎక్కువ ఉన్న రాష్ట్రాల్లో నిరక్షరాస్యత తక్కువగా కనబడింది. గుణకం −0.53. అదే లెక్కను మనిషి మనిషికీ వేస్తే తలకిందులైంది. బయటి నుంచి వచ్చినవాళ్ళలోనే నిరక్షరాస్యత కొంచెం ఎక్కువ. గుణకం +0.12. కారణం చూస్తే వింత లేదు. వలస వచ్చినవాళ్ళు అప్పటికే చదువు ఎక్కువ ఉన్న రాష్ట్రాలకు వెళ్ళి స్థిరపడ్డారు. రాష్ట్రం గురించి చెప్పిన నిజం మనిషి దగ్గరికి వచ్చేసరికి అబద్ధమైంది. కాబట్టి తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, ఎవరు పటం చూపించినా ముందు చుక్క ఎవరని అడగండి. మనిషా, బడా, మండలమా, రాష్ట్రమా? సగం తగాదాలు అక్కడే తీరిపోతాయి.

ముక్కులు కొలిచిన రోజులు

సహసంబంధం పుట్టుక గురించి కూడా మనం తెలుసుకోవాలి. ఈ భావనకు రూపం ఇచ్చినవాడు ఇంగ్లండుకు చెందిన ఫ్రాన్సిస్ గాల్టన్. 1886లో ఆయన 205 జంటల తల్లిదండ్రుల ఎత్తులనూ, వాళ్ళ ఎదిగిన పిల్లలు 928 మంది ఎత్తులనూ పట్టికలో పెట్టి చూశాడు. పొడుగు తల్లిదండ్రులకు పొడుగు పిల్లలే పుడుతున్నారు గానీ, సగటున తల్లిదండ్రులంత పొడుగు కావడం లేదు. పొట్టివాళ్ళ పిల్లలు సగటున అంత పొట్టిగా ఉండడం లేదు. రెండు వైపుల వాళ్ళూ మధ్యకు జరుగుతున్నారు. రిగ్రెషన్ అనే మాట ఈ సందర్భంలోనే వాడుకలోకి వచ్చింది. ఈ రోజు మనం వాడే గుణకం సూత్రాన్ని 1896లో కార్ల్ పియర్సన్ స్థిరపరిచాడు.

ఇద్దరూ గొప్ప గణిత మేధావులు. ఆ ఇద్దరే "మంచి జాతి" మనుషుల్ని పెంచాలి, "తక్కువ జాతి" వాళ్ళను తగ్గించాలి అనే సుజనన వాదానికి పెద్దలు కూడా. దాని ఇంగ్లీషు పేరు యూజెనిక్స్‌ను 1883లో పెట్టినవాడు గాల్టనే. గొప్పవాళ్ళ ఇళ్ళలో గొప్పవాళ్ళు పుడుతున్నారు కాబట్టి ప్రతిభ రక్తంలోనే ఉందని 1869లోనే పుస్తకం రాశాడు. తండ్రి నుంచి కొడుక్కి రక్తం ఒక్కటే రాదు. ఇల్లు వస్తుంది, భూమి వస్తుంది, పుస్తకాల బీరువా వస్తుంది, పెద్దవాళ్ళతో పరిచయాలు వస్తాయి. కొంగల లెక్కలోని మూడో మనిషి ఇక్కడ కూడా వెనక నిలబడే ఉన్నాడు. గాల్టన్ అతనికి ఇవ్వాల్సిన విలువ ఇవ్వలేదు. పియర్సన్ పనిచేసిన లండన్ యూనివర్సిటీ కాలేజీ 2020లో తన భవనాల మీద నుంచి గాల్టన్, పియర్సన్ పేర్లను తీసేసింది. సూత్రాన్ని మాత్రం ఎవరూ తీసేయలేదు, తీసేయాల్సిన అవసరమూ లేదు.

ఈ కొలతల పిచ్చి మన దేశానికీ వచ్చింది. హెర్బర్ట్ రిస్లీ అనే బ్రిటిష్ అధికారి కులాల వారీగా మనుషుల ముక్కులు కొలిపించాడు. ముక్కు వెడల్పును ఎత్తుతో భాగించి వందతో గుణిస్తే వచ్చేది నాసికా సూచిక. కులం స్థాయి పెరిగేకొద్దీ ముక్కు సన్నబడుతుంది, తగ్గేకొద్దీ వెడల్పవుతుంది అని 1891లో ప్రకటించాడు. అంటే కులం పుట్టుకతో వచ్చిన జాతి భేదమేనని ఆయన వాదం. 1901 జనాభా లెక్కలకు కమిషనర్ కూడా ఆయనే. మన తాతముత్తాతల ముఖాలు ఇలా ఒకరి పటంలో చుక్కలయ్యాయి.

దానికి జవాబు కూడా లెక్కల్లోనే వచ్చింది. 1932లో జి.ఎస్. ఘుర్యే ఆ కొలతలనే ప్రాంతాల వారీగా మళ్ళీ పరిశీలించాడు. ఉత్తర హిందూస్థాన ప్రాంతంలో కనబడిన వరుస మిగతా ప్రాంతాల్లో నిలబడలేదు. ఒకచోట చుక్కలు చూసి గీసిన గీతను దేశమంతా పొడిగించడమే రిస్లీ చేసిన పని అని తేలింది. 1948లో వెలువడిన "ద అన్‌టచబుల్స్" గ్రంథంలో బాబాసాహెబ్ అంబేద్కర్ ఈ కొలతలనే ముందు పెట్టుకుని వాదించారు. ఈ కొలతల శాస్త్రాన్ని నమ్మేటట్టయితే బ్రాహ్మణులూ అంటరానివారూ వేర్వేరు జాతులనే వాదం నిలవదని, కొలతలు ఇద్దరినీ ఒకే జాతివారిగా చూపుతున్నాయని తేల్చారు.

మమ్మల్ని ఈ సంగతి ఎంతగానో ఆలోచింపజేసింది. ఆయన ఆ అంకెలను చూసి కోపంతో పక్కన పడేయలేదు. కొలిచినవాళ్ళ పట్టికలనే తీసుకుని, ప్రాంతం ప్రాంతంగా విడదీసి, వాళ్ళు చూడనిది చూపించారు. మన విగ్రహం చేతిలో ఉన్న పుస్తకానికి మేము తెలుసుకున్న అర్థాల్లో ఇదొకటి. మన మీద ప్రయోగించిన లెక్కకు లెక్కతోనే జవాబు చెప్పాలంటే ఆ లెక్క మనకు వాళ్ళకంటే బాగా రావాలి.

గీతకూ చుక్కకూ మధ్య

ఇక చివరి మాట. తండ్రి చదివిన తరగతి అడ్డంగా, పిల్లలు చదివిన తరగతి నిలువుగా పెట్టి పటం గీస్తే గీత పైకే పోతుంది. దాన్ని కాదనలేం. మా ఇళ్ళలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళం మేమే. మా నాన్నల చదువు ఆ పటంలో సున్నా దగ్గర ఉంటుంది, మేము దాని మీద చాలా ఎత్తున ఉంటాం. గీతకు దూరంగా ఉన్న చుక్కలం మేము.

ఇలాంటి చుక్కలను చూసి జనం రెండు రకాలుగా మాట్లాడతారు. మొదటి రకం వాళ్ళు గీతను చూపి చుక్కను కొడతారు. "మీ నాన్న చదువుకోలేదు కదా, నీకేం వస్తుంది" అంటారు. గీత గుంపు గురించి చెబుతుంది, ఫలానా మనిషి ఎక్కడ ఆగిపోవాలో చెప్పదు. గీతకు పైనా కిందా చుక్కలు చెదిరి ఉంటాయి కాబట్టే దాన్ని చుక్కల పటం అంటారు. రెండో రకం వాళ్ళు చుక్కను చూపి గీతను కొడతారు. సన్మాన సభల్లో మమ్మల్ని వేదిక మీద నిలబెట్టి, "చూడండి, వీళ్ళు రాలేదా? మనసుంటే ఎవరైనా రావచ్చు. పేదరికం ఒక సాకు మాత్రమే" అంటారు. వినడానికి పొగడ్తలా ఉంటుంది. మేము దాన్ని ఒప్పుకోం. ఒకటి రెండు చుక్కలు పైన ఉన్నంత మాత్రాన గీత మాయం కాదు. మేము పైన కనబడుతున్నామంటే మా పక్కన చాపల మీద పడుకున్నవాళ్ళు కష్టపడలేదని కాదు.

ఎనిమిదో తరగతిలో మాతోపాటు ఒకే వరుసలో భోజనానికి కూర్చున్న కొందరు పత్తి ఏరే రోజుల్లో ఇంటికి వెళ్ళి తిరిగి రాలేదు. వాళ్ళ ఇనుప పెట్టెలు కొన్నాళ్ళు గది మూలన ఉండి, తర్వాత ఎవరో వచ్చి తీసుకెళ్ళారు. వాళ్ళలో మాకంటే లెక్కలు బాగా వచ్చినవాళ్ళు ఉన్నారు. పదో తరగతి ఫలితాల పటంలో వాళ్ళ చుక్క లేదు, ఎందుకంటే వాళ్ళు పరీక్ష రాయలేదు. ఈ సంచికలో పూర్వ విద్యార్థుల పేజీలోనూ వాళ్ళ ఫోటోలు లేవు. మిగిలినవాళ్ళ చుక్కలతో మాత్రమే గీసిన పటం ఎప్పుడూ ఉన్నదానికంటే అందంగానే కనబడుతుంది. లేని చుక్కలను కూడా లెక్కలోకి తీసుకోవడం స్టాటిస్టిక్స్ విద్యార్థులుగా మా బాధ్యత, హాస్టల్ విద్యార్థులుగా మనందరి బాధ్యత.

మా చుక్క దానంతట అది ఎగరలేదు. మూడు పూటలా తిండి, స్టడీ అవర్ బెల్, పాత గైడ్లు ఇచ్చిపోయిన అన్నలు, "సెలవులయ్యాయి, ఎప్పుడొస్తున్నావురా" అని కబురు చేసిన వార్డెన్ సార్, కూలి డబ్బుల్లోంచి బస్సు చార్జీలు పక్కన పెట్టిన అమ్మలు కలిసి దాన్ని పైకి జరిపారు. ఇవి కొందరికి దొరికితే చుక్క జరుగుతుంది. అందరికీ దొరికితే గీతే మారుతుంది. మనకు కావలసింది రెండోది.

తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక చిన్న పని చెబుతున్నాం. మీ తరగతిలో ఎవరు ఏ నెలలో ఎన్ని రోజులు రాలేదో హాజరు పట్టీ చూసి రాసుకోండి. అడ్డంగా నెలలు, నిలువుగా రాని రోజులు పెట్టి గ్రాఫ్ కాగితం మీద చుక్కలు పెట్టండి. ఏ నెలలో చుక్కలు పైకి లేస్తున్నాయో చూడండి. ఆ తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకుని అందరికంటే పైన ఉన్న చుక్క దగ్గరికి వెళ్ళి, "ఏమైంది, ఎందుకు రాలేదు?" అని అడగండి. అతను చెప్పింది కాగితం వెనక రాసి ఉంచండి. సెలవులకు మేము వచ్చినప్పుడు ఆ కాగితాలన్నీ ముందు వేసుకుని కూర్చుందాం. ఇంకా తిరిగి రానివాళ్ళు ఎవరైనా ఉంటే ఆ ఊరికి అందరం కలిసి వెళ్దాం.

జై భీమ్.